రుఖ్ఖాలో విరిగిన హర్ఫులు

మా భాంజీ నికాహ్ రుఖ్ఖా ప్రూఫ్ వాట్సాప్‌లో వచ్చింది. ఒక వైపు ఉర్దూ, మరో వైపు తెలుగు. ఉర్దూ వైపు దూల్హా పేరు చదవబోతే ఒక్క ముక్క అర్థం కాలేదు. అలిఫ్ ఒక చోట, బే ఒక చోట, ఏ హర్ఫ్‌కీ మరో హర్ఫ్‌తో పొత్తు లేదు. పైగా అన్నీ ఎడమ నుంచి కుడికి తిరగబడి ఉన్నాయి. తెలుగు వైపు చూస్తే ‘అబ్దుల్’లో బ కింద ఉండాల్సిన ద వత్తు లేదు. బ నెత్తిన పొల్లు పడింది, ద పక్కన విడిగా నిలబడింది.

వెంటనే ఆపా ఫోన్. "నువ్వు ఉర్దూ మీడియంలో చదివినోడివి, తెలుగులో డిగ్రీ చేసినోడివి. రెండు వైపులా ఏం జరిగిందో నువ్వే చెప్పాలి" అంది. ప్రెస్ కుర్రాణ్ణి అడిగితే, "మీరు పంపిన మెసేజ్‌లో బాగానే ఉంది భాయ్, మా సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే ఇట్లా వస్తోంది" అన్నాడు. గలతీ అతనిది కాదు. మనదీ కాదు. ఈ విరిగిన హర్ఫుల వెనక పెద్ద తారీఖే ఉంది. రెండు లిపులతో బతికే మనలాంటి కుటుంబాలు ఆ తారీఖ్ తక్లీఫ్‌ని రెండుసార్లు అనుభవించాయి.

మొదట కాతిబ్ ఉండేవాడు. ఉర్దూ అఖ్బార్ దఫ్తర్‌లో కాతిబ్‌లు వరసగా కూర్చుని, ఖలం ముంచి, పేజీ మొత్తం చేత్తో రాసేవాళ్లు. ఆ రాతే లిథో రాయి మీదికి, తర్వాతి కాలంలో ఆఫ్‌సెట్ ప్లేటు మీదికి ఎక్కి అచ్చయ్యేది. మద్రాసు ట్రిప్లికేన్‌లో 1927లో మొదలైన ‘ముసల్మాన్’ పత్రిక కంప్యూటర్లు వచ్చాక కూడా ఎన్నో ఏళ్లు ఇలా చేతిరాతతోనే వెలువడింది.

ఇంగ్లిష్‌కీ తెలుగుకీ సీసం అక్షరాలు వచ్చినా ఉర్దూ కితాబత్ దగ్గరే ఎందుకు ఆగింది? జవాబు నస్తాలీఖ్‌లో ఉంది. మనం ఉర్దూ రాసే ఆ ఖత్‌లో హర్ఫులు ఒక గీత మీద నిలబడవు. లఫ్జ్ కుడివైపు పైన మొదలై, ఎడమవైపు కిందికి జారుతుంది. ఒకే బే హర్ఫ్ పక్కన ఏ హర్ఫ్ ఉందో చూసుకుని ఆకారం మార్చుకుంటుంది. నుక్తాలు కూడా ఖాళీ చూసుకుని జరుగుతాయి. సీసం ముక్కలు ఒక గీత మీద పక్కపక్కనే నిలబడేవి. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ వాళ్లు నస్తాలీఖ్ టైపు పోతపోశారు గానీ అది జనంలోకి రాలేదు. ఉస్మానియా యూనివర్సిటీలో పెద్ద చదువులన్నీ ఉర్దూలో చెప్పించిన మన నిజాం రియాసత్ కూడా నస్తాలీఖ్‌ని యంత్రంలోకి తేవాలని కోషిష్ చేసింది. అదీ కామ్‌యాబ్ కాలేదు.

కంప్యూటర్ కూడా ఆ సీసం అక్షరాల ఖాందాన్‌లోనే పుట్టింది. 1963లో అమెరికాలో ఆస్కీ అనే కోడ్ తయారైంది. అందులో మొత్తం 128 గదులు. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, చుక్కలు, కామాలకే అవి సరిపోయాయి. ప్రతి అక్షరానికీ ఒక నంబరు, ఒకే ఆకారం, ఎడమ నుంచి కుడికి నడక. తర్వాత గదులు 256కి పెరిగినా పద్ధతి మారలేదు. గుణింతాలు, వత్తులు ఉన్న తెలుగుగానీ, కుడి నుంచి ఎడమకు జారే ఉర్దూగానీ ఆ ఇంటి నక్షా గీసినవాళ్ల ఖయాల్‌లో లేవు. ఈ రోజు మన స్క్రీన్ మీద కనిపించే సగం తక్లీఫ్‌లకు పునాది అక్కడే పడింది.

ఉర్దూ తలుపు మొదట తెరిచింది కరాచీకి చెందిన మీర్జా అహ్మద్ జమీల్. ఆయన ముద్రణ రంగం మనిషి, ఖత్ తెలిసిన హునర్‌మంద్. ఆయన సవాల్‌ని తిరగేసి చూశారు. హర్ఫుల్ని విడివిడిగా ఇచ్చి కలుపుకోమంటే యంత్రానికి రావడం లేదు. అయితే కలిసిన ముక్కనే ఒక బొమ్మగా ఇస్తే? ఉర్దూ లఫ్జుల్లో వచ్చే కలయికలన్నీ ఏరి, ఇంచుమించు 20,000 ముక్కలను నస్తాలీఖ్‌లో సిద్ధం చేసి, ఇంగ్లాండ్‌కు చెందిన మోనోటైప్ కంపెనీ యంత్రంలో ఎక్కించారు. దానికి తన వాలిద్ నూర్ అహ్మద్ పేరు మీద ‘నూరీ నస్తాలీఖ్’ అని పేరు పెట్టారు. 1981లో లాహోర్ నుంచి మొదలైన ‘జంగ్’ అఖ్బార్ ఆ అక్షరాలతో వచ్చింది. ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ని బజారులో పెట్టింది కూడా ఆ ఏడాదే.

ఆ అక్షరాలు మన దఫ్తర్ల మేజాల మీదికి చేరడానికి ఇంకో పదమూడేళ్లు పట్టింది. 1994లో ఢిల్లీకి చెందిన కాన్సెప్ట్ సాఫ్ట్‌వేర్ వాళ్లు నూరీ నస్తాలీఖ్‌తో ‘ఇన్‌పేజ్’ తెచ్చారు. కరాచీ కాతిబ్ హునర్, ఇంగ్లాండ్ యంత్రం, ఢిల్లీ ఇంజినీర్ల మెహనత్. సరిహద్దులు ఎన్ని ఉన్నా ఒక జబాన్ కోసం మూడు దేశాల పని ఒక చోట కలిసింది. 256 గదుల ఫాంట్‌లో 20,000 ముక్కలు పట్టాలంటే డెబ్బై ఎనభై ఫాంట్లు కావాలి. అందుకే నూరీని చాలా ఫాంట్ ఫైళ్లుగా విడగొట్టారు. ఏ ముక్క ఎందులో ఉందో ఆ ప్రోగ్రాంకే తెలుసు. విండోస్‌కి తెలియదు. అందువల్ల ఇన్‌పేజ్‌లో రాసింది ఇన్‌పేజ్‌లోనే బతికేది. దాన్ని కాపీ చేసి మరో చోట పేస్ట్ చేస్తే గజిబిజి.

అఖ్బార్ దఫ్తర్లలో కాతిబ్‌ల వరసలు పలచబడ్డాయి. హైదరాబాద్ ఛత్తాబజార్‌లో కొందరు ఖలం పక్కన పెట్టి కీబోర్డు ముందు కూర్చున్నారు. ఇంకొందరు రుఖ్ఖాలకూ బోర్డులకూ పరిమితమయ్యారు. ఒక యంత్రం నేర్చుకున్న ఖత్ వెనక ఎంతోమంది ఉస్తాద్‌ల రోజీ ఉందని మరచిపోకూడదు.

తెలుగు దారి కూడా ఇంతే. క, కి, కు, క్ష, స్త్రీ... వీటన్నిటికీ 256 గదులు చాలవు. అందుకని తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, వత్తు ఒక ముక్కగా విడగొట్టి, ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో దాచారు. మన డీటీపీ సెంటర్లను ఏలిన అను ఫాంట్ల పద్ధతి ఇదే. ఫాంట్ ఉన్న సిస్టంలో అది తెలుగు, ఫాంట్ లేని సిస్టంలో అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు. ఇంటర్నెట్ కొత్తలో ఏ తెలుగు పత్రిక చదవాలన్నా ఆ పత్రిక ఫాంట్ దించుకోవాల్సి వచ్చేది. ఒకరి తెలుగు మరొకరికి చదవరాని తెలుగు.

సర్కారు కూడా ఒక కోషిష్ చేసింది. 1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఇస్కీ కోడ్‌లో హిందీ, తెలుగు, తమిళం లాంటి లిపులన్నిటికీ ఒకే నక్షా. ఉర్దూ మాత్రం అందులో లేదు. దాని లిపి వేరు గనక పాస్కీ అని విడిగా ఏర్పాటు చేశారు. మన ఇంట్లో ఒకే అల్మారాలో ఉండే రెండు జబాన్‌లకు అక్కడ రెండు వేర్వేరు కోడ్‌లు!

అదే 1991లో యూనికోడ్ మొదటి రూపం వచ్చింది. దాని ఉసూల్ సీదాగా ఉంటుంది. దునియాలోని ప్రతి అక్షరానికీ ఒక నంబరు, ఆ నంబరు ఏ కంప్యూటర్‌లోనైనా అదే. తెలుగు, అరబీ లిపి రెండూ మొదటి రూపంలోనే ఉన్నాయి. నంబరు ఒక్కటి చాలదు. హర్ఫుల్ని కలిపి, వంచి, వత్తుల్ని కిందికి దించే పని ఆపరేటింగ్ సిస్టం చేయాలి. విండోస్‌లో తెలుగుకు ఆ పని 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంట్‌తో మొదలైంది. అదీ మూల పడి ఉండేది. కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి, కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ సంక్లిష్ట లిపులకూ ఉన్న డబ్బాలో టిక్ పెట్టాలి. పెట్టగానే అసలు సీడీ వేయమనేది. ఇంటర్నెట్ కేఫ్‌లో ఆ సీడీ ఎక్కడి నుంచి తేవాలి? తెలుగు, ఉర్దూ మనుషులు ఇద్దరూ ఆగిపోయింది ఆ ఒక్క టిక్కు దగ్గరే.

తలుపు తీసినవాళ్లలో కంపెనీలకంటే షౌఖ్ ఉన్న మనుషులు ముందున్నారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను జనానికి ఉచితంగా ఇచ్చారు. లేఖిని వచ్చాక ఇంగ్లిష్ కీబోర్డుతోనే తెలుగు రాయడం వీలైంది. లాహోర్ పరిశోధకులు నఫీస్ నస్తాలీఖ్‌ని ఉచితంగా విడుదల చేశారు. 2008లో జమీల్ నూరీ నస్తాలీఖ్ వచ్చింది. అప్పటిదాకా స్క్రీన్ మీద ఉర్దూ అంటే నస్ఖ్ ఖత్. మన పిల్లలు ఖురాన్ పాక్‌లో చదివేది నస్ఖ్. ఉర్దూ కితాబుల్లో చదివేది నస్తాలీఖ్. అమ్మీ నుంచి వచ్చిన ఈమెయిల్ నస్ఖ్‌లో కనిపిస్తే చదవగలం, కానీ అది అమ్మీ ఖత్‌లా అనిపించదు. విండోస్ తనతోపాటే ఒక నస్తాలీఖ్ ఫాంట్ ఇవ్వడానికి 2012లో విండోస్ 8 రావాల్సి వచ్చింది. యూనికోడ్ పుట్టాక 21 ఏళ్లు.

అంతటితో కథ అయిపోలేదు. 2018 ఫిబ్రవరిలో తెలుగు ‘జ్ఞా’కు సంబంధించిన ఒక అక్షర వరస మెసేజ్‌లో వస్తే యాపిల్ ఫోన్లలో, మ్యాక్‌లలో యాప్‌లు కూలిపోయాయి. దునియా అంతా "తెలుగు అక్షరం ఫోన్‌ను చంపింది" అని నవ్వుకుంది. అక్షరం తప్పు కాదది. అక్షరాన్ని గీసే ప్రోగ్రాంలో తప్పు. కంపెనీ కొద్ది రోజుల్లోనే దాన్ని సరిచేసింది.

ఈ తారీఖ్ తెలిస్తే రోజూ పడే తక్లీఫ్‌ల భాష అర్థమవుతుంది. స్క్రీన్ మీద ఖాళీ పెట్టెలు కనిపిస్తే సాధారణంగా ఘబ్రాయించనవసరం లేదు. నంబరు భద్రంగా ఉంది, బొమ్మ ఉన్న ఫాంట్ లేదు. ఫాంట్ వేస్తే లఫ్జ్ తిరిగొస్తుంది. సేవ్ చేసి మళ్లీ తెరిచిన ఫైల్లో ప్రశ్న గుర్తులు కనిపిస్తే మాత్రం అఫ్సోస్. పాత కోడ్‌లో సేవ్ చేసినప్పుడు గది దొరకని హర్ఫ్ స్థానంలో ప్రశ్న గుర్తు పడింది. ఆ కాపీలో అసలు హర్ఫ్ ఇక లేదు. విండోస్ నోట్‌ప్యాడ్ 2019 దాకా కొత్త ఫైలును మామూలుగా పాత కోడ్‌లోనే సేవ్ చేసేది. హెచ్చరిక చదవకుండా ఓకే నొక్కి పోగొట్టుకున్న షాయరీ ఎంత ఉందో!

నా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. మా అబ్బా మర్హూం తొంభైల చివర్లో మా ఖాందాన్ షజ్రా రాసి, ఒక దుకాణంలో ఉర్దూలో టైప్ చేయించారు. కాగితాలు వానకు తడిసి పోయాయి. సీడీ మిగిలింది. నా కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరుచుకోలేదు. చివరికి ఛత్తాబజార్‌లో, ఒకప్పుడు కాతిబ్‌గా పనిచేసిన ఒక బుజుర్గ్ తన పాత సిస్టంలో తెరిచి ప్రింట్ తీసిచ్చారు. దాన్ని నేనూ మా అబ్బాయీ పంచుకుని యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేశాం.

అంతా అయ్యాక మా పర్‌దాదా పేరు ‘కరీం’ అని వెతికాను. దొరకలేదు. కళ్ల ముందే ఉంది, కంప్యూటర్ మాత్రం లేదంటోంది! మా వాడు తన వంతు అరబీ కీబోర్డుతో కొట్టాడు, నేను ఉర్దూ కీబోర్డుతో వెతుకుతున్నాను. కాఫ్, యే హర్ఫులు అరబీకి వేరు నంబర్లు, ఉర్దూకి వేరు నంబర్లు. లఫ్జ్ మధ్యలో కలిసినప్పుడు కంటికి ఒకలాగే ఉంటాయి. మషీన్‌కి మాత్రం ఆ ఇద్దరు కరీంలు వేర్వేరు మనుషులు. రెండు హర్ఫుల్నీ ఫైలంతా మార్చాక పర్‌దాదా దొరికారు, అల్‌హమ్‌దులిల్లాహ్.

రేపు మన మస్జిద్ కమిటీ రికార్డుల్లో, మదర్సా రిజిస్టర్లలో, నికాహ్‌నామాల్లో మన మనవళ్లు మన పేర్లు వెతుకుతారు. దొరకడం దొరకకపోవడం ఇవాళ మనం ఎలా రాసిపెడతామన్నదాని మీద ఉంది. అందుకే నా గుజారిష్: పాత ఉర్దూ ఫైళ్లు, అను ఫాంట్ల తెలుగు ఫైళ్లు ఇంట్లో ఉంటే, తెరవగలిగే మనిషి ఉన్నప్పుడే తెరిపించండి. యూనికోడ్‌లోకి మార్చుకోండి, ఒక ప్రింట్ కూడా తీసి పెట్టండి. ఉర్దూ రాసేటప్పుడు అరబీ కీబోర్డు కాకుండా ఉర్దూ కీబోర్డే వాడండి. పిల్లలకు కూడా అదే పెట్టివ్వండి. రోమన్‌లో రాయడం అలవాటైతే హర్ఫ్ గుర్తు పోతుంది.

ఇక రుఖ్ఖా సంగతి. ఆ ప్రెస్ సాఫ్ట్‌వేర్‌కి హర్ఫులు కలపడం రాదు గనక, యూనికోడ్ తెలిసిన ప్రోగ్రాంలో నేనే ఉర్దూ, తెలుగు రెండూ టైప్ చేసి, బొమ్మగా మార్చి పంపాను. కుర్రాడు అతికించాడు. దూల్హా పేరు రెండు వైపులా సరిగ్గా వచ్చింది. ఆపా రుఖ్ఖా చేతిలోకి తీసుకుని, రెండో వైపు తిప్పి తెలుగు కూడా చదివి, "ఇప్పుడు ఇది మన రుఖ్ఖా" అంది.