కోనసీమలో వ్యవసాయ కూలి, కనీస వేతనం

కనీస వేతనం పెంచితే కూలీకి, పని ఇచ్చే రైతుకు ఏమవుతుందన్నది కోనసీమలో 2011 పంట విరామంతో రాష్ట్రమంతటా చర్చకు వచ్చిన విషయం. 1948 నాటి కనీస వేతనాల చట్టం వ్యవసాయ కూలీలకూ వర్తించింది. రేట్లను ఐదేళ్లకు మించకుండా సమీక్షించాలని అది చెప్పింది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి వేతనాల కోడ్ అమల్లో ఉంది. అయినా చేలో కూలి రేటును కదిలించేది చట్టం కంటే మరోచోట పని దొరకడమే.

అలాంటి పనిని ప్రభుత్వమే చూపించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకం, 2008 ఏప్రిల్ నాటికి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నింటికీ చేరింది. 2011లో ఈ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో రోజుకూలి 121 రూపాయలు. అంతకు తక్కువకు ఊడ్పులకు రమ్మంటే ఎవరు వస్తారు? ఆ ఖరీఫ్‌లో కోనసీమ రైతులు 90 వేల ఎకరాల దాకా నాట్లు వేయకుండా వదిలేశారు; ఇదే పంట విరామం. సాగు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఉపాధి పనులు ఆపాలని, గిట్టుబాటు ధర ఇవ్వాలని, మురుగు కాలువలు బాగుచేయాలని కోరారు. దీనిపై ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది.

నింద ఎక్కువగా కూలి మీద పడింది. అది న్యాయం కాదు. ఆ ఏడాది సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 1,080 రూపాయలు. కూలి పెరిగితే హోటలు యజమాని ఇడ్లీ ధర పెంచుకుంటాడు, వరి రైతుకు ఆ వీలు లేదు. పైగా డెల్టాలో సాగు చేసేవారిలో చాలామంది కౌలుదారులు. ఎకరాకు ఇన్ని బస్తాలని ముందే ఒప్పుకున్న మక్తా, చేను మునిగినా చాలాచోట్ల తగ్గదు. పెరిగిన కూలి, తగ్గని మక్తా, కదలని ధర మధ్య నలిగేది ఆ కౌలు రైతే. సాగు లేని రోజుల్లో అతనూ కూలికి వెళ్లేవాడే కావచ్చు.

కూలి పెరిగితే పనులు పోతాయన్న భయం అన్నిచోట్లా నిజం కాలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ చెల్లింపులను స్మార్ట్‌కార్డులతో మెరుగుపరచినప్పుడు ఏమైందో కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ పరిశీలించారు. పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. అందులో 86 శాతం పథకం బయటి సంపాదనే. ప్రైవేటు కూలీ పెరిగింది, పనీ పెరిగింది. పనిచ్చేవారు కొద్దిమందే ఉన్నచోట కూలి అణగి ఉంటుంది కనుక, దాన్ని పెంచినంత మాత్రాన పని తగ్గిపోదని వారి ఫలితాలు సూచిస్తాయి.

గోదావరి పాయ వైనతేయ తీరాన ఉన్న మామిడికుదురు వైపు కొబ్బరితోటల లెక్క వేరు. దింపు కూలీకి చెట్టు లెక్కన, వలుపు కూలీకి కాయల లెక్కన ఇస్తారు. నేలలో నిలువుగా పాతిన గునపానికి కాయను గుచ్చి, మెలితిప్పి, పీచు విడదీయాలి. చెయ్యి జారితే గాయమే. ఇలా పనిని బట్టి ఇచ్చే కూలి కూడా రోజువారీ కనీస రేటుకు తగ్గకూడదని 1948 చట్టమే చెప్పింది. వయసు మళ్లి చేతివేగం తగ్గినవారికి ఈ నిబంధనే ఆసరా.

చేను వదిలి మరోచోట పని వెతుక్కునేవారికి గల్ఫ్ వలస మరో దారి. కోనసీమ ఆడవాళ్లు ఎందరో ఇంటిపనికి వెళ్లే కువైట్, 2016లో ఆ పనికి నెలకు 60 దినార్ల కనీస వేతనం నిర్ణయించింది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త ఉపాధి చట్టం పనిరోజులను 125కు పెంచింది. సాగు కాలంలో 60 రోజుల వరకు పనులు నిలిపేందుకూ వీలిచ్చింది. పంట విరామం నాటి రైతుల కోరిక ఇలా నెరవేరినట్టే. అయితే ఊడ్పుల వేళ కూలీకి ఉండే బేరమాడే బలం దీంతో తగ్గుతుంది. ఆ 60 రోజులైనా వ్యవసాయ కనీస వేతనం అందుతోందో లేదో కార్మిక శాఖ చేలకు వెళ్లి చూడాలి.