ఆత్మాశ్రయము: చేవెళ్ల మఱ్ఱులు చెప్పు పాఠము

‘ఆత్మాశ్రయము’ అను పదమునకు మన వాఙ్మయమున రెండు చరిత్రలు కలవు. తర్కశాస్త్రమున నిది దోషము. ఒక విషయమును నిరూపింపబూని దానికి మరల నా విషయమునే ఆధారముగా చూపుట ఆత్మాశ్రయదోషము. అన్యోన్యాశ్రయము, చక్రకము, అనవస్థ అనునవి దీని తోడి దోషములు. ఇరువదవ శతాబ్దమున భావకవిత్వమును చర్చించిన విమర్శకులో, కవి స్వానుభూతిని పలుకు కవిత్వమునకు ఈ పదమునే లక్షణముగా గ్రహించిరి. దానికి ప్రతిగా వస్త్వాశ్రయమును నిలిపిరి. ఒకచోట దోషమైనది వేరొకచోట లక్షణమెట్లయినది? నిత్యజీవితమున మనము చేయు నిర్ణయములను పరిశీలించినచో దీనికి సమాధానము దొరకునని మా యభిప్రాయము.

ఒక దృష్టాంతము. హైదరాబాదునుండి మొయినాబాదు, చేవెళ్లల మీదుగా బీజాపురమునకు పోవు దారిని విస్తరింపబూనిన నాటికి, పోలీసు అకాడమీ మొదలు మన్నెగూడ వఱకు సుమారు 46 కిలోమీటర్ల మేర దాదాపు 900 మఱ్ఱిచెట్లుండెను. అవి నిజాముల కాలమున నాటినవని ప్రసిద్ధి. చెట్ల సంఖ్య, దారి వెడల్పు, ప్రమాదముల లెక్క వస్త్వాశ్రయములు. ఎవరు సరిగా కొలిచినను మారవు. ‘అడ్డు’, ‘వారసత్వము’ అను మాటలట్టివి కావు. ఒకే చెట్టు ఒకరికి అడ్డు, ఒకరికి వారసత్వము. వివాదము జాతీయ హరిత ట్రిబ్యునలు వఱకు పోయినది.

2025 నవంబరు 3న చేవెళ్ల సమీపమున మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది మరణించిరి. విస్తరణ జాప్యమునకు చెట్లను కాపాడగోరినవారే కారకులని కొందఱు, వేగమును అధికభారమును కారణములని కొందఱు పలికిరి. శోకము ఆత్మాశ్రయమే, అయినను అసత్యము కాదు. ఇరుకుదారిలో ఆప్తుని కోల్పోయినవాని బాధ ఏ కొలతబద్దకును అందదు. దానిని లెక్కింపని నిర్ణయము అసమగ్రము. కాని ‘నాకిట్లు తోచినది, కావున నిది యిట్లే’ అని, ఎట్లని యడిగినచో ‘నాకు తోచినదిగదా’ యని బదులిచ్చుట పూర్వులు చెప్పిన దోషమే. అనుభూతి సాక్ష్యము కాగలదు. తనకు తానే తీర్పరి కాజాలదు. పదము రెండర్థములకును గల సంబంధమిదియే.

చరిత్రకారునికిని ఇది వర్తించును. ఆ మఱ్ఱినీడపై మాకు మక్కువ కలదు. ‘మేము’ అని బహువచనమున వ్రాసినంతమాత్రమున ఆ మక్కువ వస్త్వాశ్రయము కాదు. దానిని దాచక చెప్పితిమి. పాఠకులు మా వాదమును తూచునపుడు దానినిగూడ లెక్కలోనికి తీసికొందురుగాక.