ఆంగ్ల క్రియలకు మన మెట్లు

ఓరుగల్లు సీమలో నాంగ్లవ్యాకరణ బోధన నిన్నమొన్నటిది కాదు. అయినను అది యే భాషాద్వారమున సాగుచు వచ్చినదో విచారించిన గాని భూపాలపల్లి బడులలోని బాలుర యిబ్బంది మనకు బోధపడదు.

నిజాము రాజ్యమున 1880ల దశకములో పారశీకమునకు బదులు ఉర్దూ రాజభాష యయ్యెను. 1918లో నేర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము శాస్త్రములను ఉర్దూలో బోధించుచు ఆంగ్లమును నిర్బంధ విషయముగా నుంచెను. ఇంట తెలుగు, బడిలో ఉర్దూ, ఆ ఉర్దూ మూలమున ఆంగ్లము: పై చదువు కోరిన తెలుగు బాలునికి 1948 వరకు సాధారణముగా నిదియే దారి. మాతృభాషకు జరిగిన యీ యన్యాయమును మేము సమర్థింపము. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపించిన పెద్దల మనోవ్యథ మనకు తెలియనిది కాదు.

కాని యొక చిత్రము గలదు. "ఐ రోట్", "ఐ హావ్ రిటన్", "ఐ హాడ్ రిటన్" అను మూడింటికిని మనము తరచుగా "వ్రాసితిని" అను నొక్క మాటతో సరిపుచ్చుకొందుము. ఉర్దూలో "లిఖా", "లిఖా హై", "లిఖా థా" అని మూడు రూపములున్నవి. అచ్చు గ్రుద్దినట్లు సరిపోకున్నను, ఆ పరభాష యీ పరభాషకు మెట్టయినది. ఆ మెట్టు తొలగుట న్యాయమే. దాని చోట మన మెట్టు నిలుపకపోవుటయే లోపము.

మనకు మెట్లు లేకపోలేదు. "వ్రాసియున్నాను", "వ్రాసియుంటిని" అను రూపములు మన నోటనే యున్నవి. వానిని తరగతిలో పలికించువారు తక్కువ. ఇక తద్ధర్మము సంగతి. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున దానిని వర్తమానమునుండి వేరు చేసి చూపెను. "సూర్యుడు తూర్పున ఉదయించును" అనుటకును "ఉదయించుచున్నాడు" అనుటకును గల భేద మెరిగిన బాలుడు, నిత్యసత్యమును చెప్పవలసిన చోట "ఈజ్ రైజింగ్" అని వ్రాయడు. ఎరుగని బాలుడు సూత్రమును వల్లించియు తప్పే వ్రాయును.

అలంకారములును నిట్టివే. "చంద్రునివంటి ముఖము" ఉపమ, "ముఖచంద్రుడు" రూపకము. అవ్వ చెప్పు పొడుపుకథలు సగము రూపకములే. ఆంగ్లేయులకు వాన "పిల్లులు, కుక్కలు"గా కురియుట విని మన పిల్లలు నవ్వుదురు. కుండపోతగా కురిసిననాడు మన ముంగిట నెన్ని కుండలు పడినవో యడిగినచో ఆ నవ్వులోనే పాఠము పూర్తియగును. వట్టి నిర్వచనము వల్లె వేయించుటకంటె నిది మేలని మా తలంపు.

2016లో పాత వరంగల్లు జిల్లా విభజింపబడి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వేరు జిల్లాలయ్యెను. 2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్లమాధ్యమము తరగతుల వారీగా ప్రవేశించినది. బొగ్గుగని కార్మికుడును కూలివాడును తమ బిడ్డలకు ఆంగ్లము రావలెనని కోరుట తప్పని యెవ్వరనగలరు? ఆ గంటలో తెలుగు మాట వినబడిన దోషమను నియమమే మాకు రుచింపదు. వ్రాతలో చక్కగా నిలువవలసిన ఆంగ్లమును, అర్థము కాని ఆంగ్లములోనే వివరించినచో బాలునికి మిగులునది కంఠపాఠమే.

ఇంతకును మన తెలుగు మెట్టు సైతము అందరికి నందదు. మహబూబాబాదు తండాలనుండి వచ్చు లంబాడీ బాలిక యింట మాటలాడునది గోరుబోలి. అది ఉర్దూకు చుట్టమైన ఆర్యభాష. "వ్రాసితిని", "వ్రాసియున్నాను" అను రెండింటిని మీ యమ్మ యేమని పలుకునని ఆ పిల్లను ఏ యుపాధ్యాయుడైన నడిగెనా?