పాలక్యాన్లలో దాచిన కాగితాలు

మన ఇళ్ళల్లో అటక మీద ఓ పాత ట్రంకుపెట్టె ఉంటుంది. తాతగారి నాటి దస్తావేజులు, ఎవరివో పెళ్ళి శుభలేఖలు, చిరిగిన ఇన్‌లాండ్ లెటర్లు, చెల్లని రేషన్ కార్డు... ఇల్లు మారినప్పుడల్లా "ఇవన్నీ ఇంకా ఎందుకండీ, పారేద్దాం" అని ఒకరూ, "ఉంటే ఏం పోయింది, ఉండనీ" అని ఒకరూ. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ మాట నెగ్గుతుంది.

సరిగ్గా ఇలాంటి కాగితాలనే (ట్రామ్ టికెట్లు, మిఠాయి చుట్టిన రంగు కాగితాలు, రేషన్ కార్డులు, పిల్లలు బళ్ళో రాసుకున్న వ్యాసాలు) ఏరి ఏరి పోగుచేసి, ప్రాణాలకి తెగించి భూమిలో పాతిపెట్టిన మనుషులున్నారు. ఊరు వార్సా, పోలండ్ రాజధాని. కాలం 1940-43. 'ది పియానిస్ట్' సినిమా చూసినవాళ్ళకి ఆ గోడ, ఆ వీధులు గుర్తుండే ఉంటాయి. ఆ గోడ లోపల ఈ పని నడిపించినవాడి పేరు ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్.

ఈయన 1900లో బుచాచ్ అనే చిన్న పట్నంలో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ, తర్వాత పోలండ్, ఇప్పుడు యుక్రెయిన్. మనిషి కదలకపోయినా దేశాలు మారిపోయే ప్రాంతం లెండి అది. వార్సా యూనివర్సిటీలో చరిత్ర చదివి 1927లో డాక్టరేట్ తీసుకున్నాడు. విషయం: మొదటినుంచీ 1527 దాకా వార్సాలో యూదుల చరిత్ర. అంటే రాజులూ యుద్ధాలూ కాదు, ఒక్క ఊరు, అందులో ఒక్క జనం. యూనివర్సిటీ ఉద్యోగం దొరకలేదు. ఆడపిల్లల హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పుకుంటూ బతికాడు.

ఇంకో ఉద్యోగం కూడా చేసేవాడు. అమెరికా యూదుల సహాయ సంస్థ ఒకటి ఉండేది, అందరూ 'జాయింట్' అనేవాళ్ళు. చిన్న చిన్న వ్యాపారులకీ, చేతిపనుల వాళ్ళకీ వడ్డీ లేకుండా అప్పులిచ్చే సంఘాలకి అది డబ్బు సాయం చేసేది. ఆ సంఘాల కోసం యిడ్డిష్ భాషలో వచ్చే పత్రికకి ఈయన సంపాదకుడు. పొద్దున బడి, సాయంత్రం అప్పుల సంఘం, రాత్రి పాత రికార్డులు. బయట్నించి చూస్తే ఈ మూడూ వేరు వేరు పనులు. ఆయన విషయంలో అవి వేరు కాదన్నదే నేను చెప్పదలుచుకున్నది.

1938 అక్టోబరు చివర్లో జర్మనీ తన గడ్డ మీద ఉన్న పోలండ్ యూదుల్ని దాదాపు 17 వేలమందిని సరిహద్దు దాకా తరిమేసింది. వాళ్ళలో వేలమంది జ్బొన్షిన్ అనే చిన్న ఊళ్ళో ఇరుక్కుపోయారు. జాయింట్ తరఫున రింగెల్‌బ్లూమ్ అక్కడికెళ్ళి ఐదువారాలు ఉన్నాడు. తిండి, పడక, వైద్యం అన్నీ ఏర్పాటు చెయ్యాలి. ఆ హడావుడిలోనే వచ్చినవాళ్ళ చేత వాళ్ళ కథలు చెప్పించి రాయించడం మొదలుపెట్టాడు. దుప్పటి ఇచ్చే చేత్తోనే కాగితం కూడా ఇచ్చాడన్నమాట. ఆ తర్వాత వార్సాలో జరిగినదంతా దీనికి పెద్ద రూపమే.

1939 ఆగస్టులో ఒక మహాసభకి జెనీవా వెళ్ళాడు. యుద్ధం రాబోతోందని అందరికీ తెలుసు. అక్కడే ఉండిపోవచ్చు. చుట్టుదారిన వార్సాకి తిరిగొచ్చాడు. సెప్టెంబరు 1న యుద్ధం మొదలైంది.

1940 నవంబరులో జర్మన్లు వార్సా యూదులందర్నీ ఒక గోడ లోపల పెట్టి మూసేశారు. మూడున్నర చదరపు కిలోమీటర్లు కూడా లేని జాగాలో నాలుగు లక్షలమందికి పైగా. అధికారికంగా ఇచ్చే రేషను రోజుకి 200 కేలరీల లోపే. (మన ఆఫీసు క్యాంటీన్లో ఒక సమోసా అంత.) దొంగతనంగా వచ్చే సరుకు మీదే గెట్టో ఊపిరి పీల్చింది. అందులో జనం 'స్వయంసహాయం' పేరుతో ఒక వ్యవస్థ కట్టుకున్నారు. రాయలసీమ కరువులో మన పెద్దవాళ్ళు చూసిన గంజి కేంద్రాల్లాంటివి వీధి వీధికీ పెట్టారు. ఒక్కో భవనానికీ ఒక కమిటీ. ఇలాంటివి వెయ్యికి పైనే. ఈ భవన కమిటీలన్నిటినీ చూసుకునే బాధ్యత రింగెల్‌బ్లూమ్‌ది.

ఆ కమిటీలు చందాలు పోగుచేసేవి, అనాథ పిల్లల్ని చూసేవి. వాటి దగ్గరికి ప్రతి ఇంటి కబురూ వచ్చేది. ఎవరింట్లో టైఫస్, ఎవరు పరుపు అమ్ముకున్నారు, కాందిశీకులుగా వచ్చినవాళ్ళు ఏ పల్లెనించి వచ్చారు, అక్కడేం జరిగింది... ఏ చరిత్రకారుడికైనా ఇంత సమాచారం గుమ్మంలోకి నడిచి వస్తుందా? ఆ నెలలోనే ఆయన 'ఒనెగ్ షబ్బత్' అనే రహస్య బృందాన్ని మొదలుపెట్టాడు. సబ్బాతు నాటి సంతోషం అని అర్థం. శనివారాలు కలిసేవాళ్ళు కాబట్టి ఆ పేరు. రాసేవాళ్ళు, నకళ్ళు తీసేవాళ్ళు అంతా కలిపి యాభై అరవైమంది. కార్యదర్శి హెర్ష్ వాసెర్ స్వయంసహాయంలో కాందిశీకుల విభాగం చూసేవాడు. గంజి కేంద్రం నడిపే రచయిత్రి రాకెల్ ఔవెర్‌బాక్ తన కేంద్రానికి వచ్చేవాళ్ళ గురించే రాసింది. సహాయం అనేది పైకి కనపడే పని, చరిత్ర లోపల నడిచే పని. గెస్టపో కళ్ళు కప్పడానికి ఇంతకన్నా మంచి ముసుగు దొరకదు. కానీ అది ముసుగు మాత్రమే కాదు. అన్నం పెట్టేవాడిని కాబట్టే జనం నమ్మి నోరు విప్పారు.

ఏం రాయాలన్న దాంట్లో ఆయన పట్టుదల చూడండి. మనవాళ్ళ గొప్పలే రాయమనలేదు. యూదు పోలీసుల దౌర్జన్యం, లంచాలు, స్మగ్లర్ల విందులు, కడుపుకోసం ఒళ్ళమ్ముకున్నవాళ్ళు, అన్నీ రాయించాడు. యుద్ధం అయ్యాక గుర్తు చేసుకుని రాస్తే మారిపోతుందని, జరుగుతుండగానే రాయాలని ఆయన పంతం. ముఖ్యమైనవాటికి రెండు మూడు నకళ్ళు. జిరాక్స్ లేని రోజులు మరి, చేత్తోనో టైపు మిషన్ మీదో తియ్యాలి.

1942 జనవరిలో హెల్మ్నో అనే చోటునించి తప్పించుకొచ్చినవాడు ఒకడు గెట్టోకి చేరాడు. అక్కడ మనుషుల్ని లారీల్లో విషవాయువుతో చంపుతుంటే శవాలు పూడ్చే పనిలో పెట్టారు అతన్ని. హెర్ష్ వాసెర్, ఆయన భార్య బ్లూమా కూర్చుని అతను చెప్పినదంతా రాసుకున్నారు. పోలిష్ రహస్యోద్యమం ద్వారా ఆ నివేదిక లండన్ చేరింది. జూన్‌లో బీబీసీ పోలండ్ యూదుల హత్యాకాండ గురించి చెప్పినప్పుడు రింగెల్‌బ్లూమ్ తమ బృందం తన కర్తవ్యం చేసిందని డైరీలో రాసుకున్నాడు. నెల తిరక్కుండానే, జులై 22న, వార్సా నించి ట్రెబ్లింకాకి రైళ్ళు మొదలయ్యాయి. రెండు నెలల్లో రెండున్నర లక్షలమందికి పైగా.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆయన కథ చెప్పేవాళ్ళు చాలామంది "కాగితాలు గెలిచాయి" అని ముగిస్తారు. నాకు అది నచ్చదు. ఆయనకి తన సహాయపు పని ఓడిపోతోందని ముందే తెలుసు. ఆ ఏడాది మే నెలలోనే డైరీలో అడుగుతాడు: ఉన్న కొంచెం తిండినీ అందరికీ చెంచా చెంచా పోస్తే ఎవరూ బతకరు, కొందరికే నిండా పెడితే ఆ కొందరెవరో తేల్చేదెవరు? ఔవెర్‌బాక్ కూడా తమ గంజితో ఎవరూ బతికి బట్టకట్టలేదనే తేల్చుకుంది. అయినా కేంద్రం మూయలేదు. ఈ ప్రశ్నకి జవాబు దొరకలేదని రాసి పెట్టిన నిజాయితీ నాకు ఆ వేల పేజీలన్నిటికన్నా బరువుగా అనిపిస్తుంది.

రైళ్ళు మొదలయ్యాక పాతిపెట్టే పని ఇజ్రాయెల్ లిహ్టెన్‌స్టైన్ అనే బడి పంతులుది. ఆగస్టు మొదట్లో ఇరవై ఏళ్ళు కూడా నిండని ఇద్దరు శిష్యులతో కలిసి, నొవోలిప్కి వీధి 68వ నంబరు బడి నేలమాళిగలో పది రేకు పెట్టెలు పాతాడు. ముగ్గురూ చివరి నిమిషంలో తలా ఒక కాగితం రాసి అందులో పెట్టారు. లిహ్టెన్‌స్టైన్ భార్య గెలా చిత్రకారిణి. ఆవిడ గీసిన బొమ్మలు దాదాపు 300 ఆ పెట్టెల్లోనే సర్దారు. తమ కూతురు మార్గొలిత్‌కి ఇరవై నెలలని, ఆ పిల్లని కూడా గుర్తు పెట్టుకోమని రాశారు. మన ట్రంకుపెట్టెలో ఉండే సంసారపు కాగితాలే ఇవి. చదివేవాళ్ళలో వాళ్ళ వంశంలోవాళ్ళు ఎవరూ ఉండరని తెలిసి రాసినవి, అంతే తేడా.

1943 ఫిబ్రవరి చివర్లో అదే చోట రెండు పాలక్యాన్లు పాతారు. మూడో భాగం ఏప్రిల్‌లో, ష్వెంతొయెర్స్క వీధి 34లో, బ్రష్షులు తయారుచేసే వర్క్‌షాపు దగ్గర. రెండు చోట్ల బ్యాకప్, బాగానే ఉంది. కానీ దాచిన చోటు తెలిసినవాళ్ళలో యుద్ధం దాటి బతికింది హెర్ష్ వాసెర్ ఒక్కడే. మన ప్రాజెక్టుల్లో బస్ ఫ్యాక్టర్ అని నవ్వుకుంటాం చూడండి, అది ఒకటికి వచ్చి ఆగింది.

రింగెల్‌బ్లూమ్ భార్యా కొడుకుతో గోడ దాటి బయటపడ్డాడు. ఏప్రిల్‌లో మళ్ళీ లోపలికి వెళ్ళాడు, తిరుగుబాటు మధ్యలో చిక్కుకుని త్రావ్నికి క్యాంపుకి చేరాడు. అక్కణ్ణించి తప్పించి తెచ్చి గ్రుయెట్స్క వీధిలో ఒక తోటమాలి గాజు గది కింద తవ్విన నేలమాళిగలో దాచారు. దాదాపు నలభైమంది కిక్కిరిసిన ఆ గోతిలో కూర్చుని యుద్ధకాలంలో పోలిష్-యూదు సంబంధాల మీద పుస్తకం రాశాడు. చేతిలో ఏ ఆధారగ్రంథమూ లేదు. 1944 మార్చి 7న పట్టుబడ్డారు. ఆయన్నీ, భార్య యూదిత్‌నీ, కొడుకు ఊరీనీ, తోటమాలి వోల్స్కినీ కాల్చి చంపారు. బయట ఉన్న స్నేహితుడు అడాల్ఫ్ బెర్మన్‌కి ముందే అందించిన రాతప్రతులు మిగిలాయి.

యుద్ధం అయ్యేసరికి గెట్టో అంతా ఇటుకల గుట్ట. వీధి ఏదో, ఇల్లు ఏదో పోల్చుకోలేని చోట వెతికి 1946 సెప్టెంబరు 18న పది పెట్టెల్నీ తవ్వి తీశారు. మూతలు సరిగ్గా బిగించలేదు, నీళ్ళు దిగాయి. కాగితాలు ముద్దలై, సిరా కరిగి, బూజు పట్టి ఉన్నాయి. ఒక్కో పేజీ విడదీసి ఆరబెట్టారు. పాలక్యాన్లు 1950 డిసెంబరు 1న, కట్టుబడి పని చేస్తున్న కూలీలకి దొరికాయి. వాటి కాగితాలు ఎంతో నయం. మొత్తం దాదాపు 35 వేల పేజీలు. 1999లో యునెస్కో 'ప్రపంచ జ్ఞాపకం' జాబితాలో చేర్చింది. అవి ఇప్పుడు త్లొమాత్స్కె వీధిలో యూదు చరిత్ర సంస్థ భవనంలో ఉన్నాయి. అన్నట్టు, గెట్టో రోజుల్లో స్వయంసహాయం ఆఫీసు నడిచింది కూడా ఆ భవనంలోనే.

మూడో భాగం దొరకలేదు. ఆ స్థలంలో ఇప్పుడు చైనా రాయబార కార్యాలయం ఉంది. 2003లో దాని తోటలో తవ్వి చూశారు, ఏమీ బయటపడలేదు.