అవమానపదం – హక్కు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేపథ్యం

2016 అక్టోబరు 11న ఉమ్మడి కరీంనగర్ నుండి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి; కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. అదే డిసెంబరులో పార్లమెంటు వైకల్యంగల వ్యక్తుల హక్కుల చట్టాన్ని ఆమోదించింది. పాలనా సరిహద్దులతో పాటు పిలుపు సరిహద్దులూ మారిన సంవత్సరమది.

ఇతర తెలుగు పల్లెల్లో వలెనే ఇక్కడి వాడుకలోనూ పేరుకు ముందు ‘కుంటి’, ‘గుడ్డి’, ‘మూగ’ చేరేవి. క్రమంగా అసలు పేరు మరుగునపడేది. వాటి స్థానంలో గౌరవసూచకంగా వచ్చిన ‘వికలాంగులు’ అనే పదం కూడా లోపాన్నే చెబుతుంది. 2015 డిసెంబరులో ప్రధాని మోదీ సూచించిన ‘దివ్యాంగులు’ లోపాన్ని దైవత్వంగా మార్చింది. తాము కోరినది సమానత్వమే గాని దివ్యత్వం కాదని హక్కుల ఉద్యమకారులు అభ్యంతరం తెలిపారు.

1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించగా, 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. బహిరంగంగా ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని 92వ సెక్షన్ ప్రకారం నేరంగా పరిగణించి, 6 నెలల నుండి 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా నిర్ణయించింది. అవమానకర పదాలు సామాజిక వివక్షను పెంచుతాయని 2024 జులై 8న సుప్రీంకోర్టు పేర్కొంది.

అయితే చట్టం ఉద్దేశాన్ని చూస్తుంది. ‘కుంటిసాకు’, ‘గుడ్డినమ్మకం’ వంటి నుడికారాల్లో దురుద్దేశం కనిపించదు. అందువల్లనే అవి నిలిచిపోయాయి. వాటిని ప్రశ్నించవలసింది న్యాయస్థానం కాదు, తరగతి గది.