ముసర పోయింది, గాలికుంటు ఎందుకు పోలేదు?

మనిషి భూమ్మీద లేకుండా చేసిన వైరస్ రోగం ఏదంటే అందరూ మశూచి అంటారు. రెండోది ఏమిటంటే చాలామంది తడుముకుంటారు. అది పశువులది. ముసర, ఇంగ్లీషులో రిండర్‌పెస్ట్. 2011లో ప్రపంచంలో ఎక్కడా లేదని ప్రకటించారు. మన దేశంలో ఆఖరి కేసు 1995లో.

మాది గుడివాడ దగ్గర పల్లె. మా వైపు పాడి అంటే గేదెలే. మా తరానికి ముసర పేరే తెలీదు, కానీ గాలికుంటు తెలియని ఇల్లు ఉండదు. ఒకటి పోయి ఇంకోటి ఎందుకు మిగిలింది?

ముసర కథ చూడండి. 1920లలో ముక్తేశ్వర్‌లో ఎడ్వర్డ్స్ అనే ఆయన ఆ వైరస్‌ను మేకల్లో మళ్ళీ మళ్ళీ ఎక్కించి బలహీనపరిచి టీకా చేశాడు. 1954లో దేశమంతటా టీకాలు మొదలెట్టారు, నూటికి 80 పశువులకి వెయ్యాలని లక్ష్యం. రోగం బాగా తగ్గింది, కానీ పోలేదు. ముఖ్యంగా దక్షిణాదిలో వేళ్ళూనుకుని కూర్చుంది. మిగిలిన 20 చాలు కదా దానికి! 1992లో మొదలైన పథకంలో పద్ధతి మార్చారు. రోగం ఎక్కడుందో వెతికి అక్కడ గట్టిగా టీకాలేశారు. తర్వాత అసలు టీకాలే ఆపేశారు. టీకా వేసిన పశువుకీ, రోగం వచ్చి తగ్గిన పశువుకీ రక్తపరీక్షలో తేడా తెలియదు మరి. ఆపితేగానీ నిజంగా పోయిందో లేదో తేలదు. 2006లో మన దేశానికి ఆ వైరస్ లేదన్న గుర్తింపు వచ్చింది.

గాలికుంటు అంత తేలిక కాదు. ముసర టీకా ఒకసారి వేస్తే దాదాపు జీవితాంతం పనిచేసేది. గాలికుంటు వైరస్‌లో మన దేశంలోనే ఓ, ఏ, ఆసియా-1 అని మూడు రకాలు. టీకా బలం ఆరు నెలలకే తగ్గిపోతుంది. తగ్గిన పశువు గొంతులో కూడా వైరస్ చాన్నాళ్ళు దాగుంటుంది.

దీనికి మన డెల్టా తోడు. ఒకే కాలవలో పది ఇళ్ళ గేదెలు పడుకుంటాయి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై దివిసీమను చుట్టేసింది, లంకే కదా అనుకోవచ్చు. కానీ 1977 ఉప్పెనలో గొడ్లన్నీ కొట్టుకుపోయిన ఊళ్ళకి మళ్ళీ పాడి రావాలంటే బయటినుంచే రావాలి. పశువు ఎక్కడికి వెళితే రోగం అక్కడికి వెళ్తుంది, నది ఆపలేదు.

2019లో కేంద్రం దేశవ్యాప్త టీకా కార్యక్రమం పెట్టింది. 2030కల్లా గాలికుంటును నిర్మూలించాలని లక్ష్యం. ప్రతి పశువు చెవికీ పన్నెండంకెల ట్యాగ్. డేటాబేస్ మనిషిగా నాకు ముచ్చటే. అయితే నెట్‌వర్క్‌లో ప్యాచ్ వెయ్యని ఒక్క మెషీన్ చాలు, వైరస్ దూరడానికి. చూడాల్సింది ఎన్ని లక్షల డోసులు వేశారని కాదు, ఏ ఇల్లు తప్పిపోయిందని.

సూదేస్తే రెండ్రోజులు పాలు తగ్గుతాయని, చూడి గేదె ఈసుకుపోతుందేమోనని వద్దనేవాళ్ళున్నారు. బందరులోనైనా కోడూరులోనైనా ఇదే మాట. వాళ్ళది మూర్ఖత్వం కాదు, ఆ రెండ్రోజుల పాలే వాళ్ళ ఖర్చులకి ఆధారం. నా అభిప్రాయం ఒక్కటే: ఊరంతటికోసం ఆ నష్టం భరిస్తున్నప్పుడు, దాన్ని ఊరే పంచుకోవాలి. పాలకేంద్రం ఆ రెండ్రోజుల లోటు పూడిస్తే కాదనేవాళ్ళు ఎంతమంది మిగులుతారు?

అలాగే కొత్తగా కొన్న గొడ్డును మూడు వారాలు విడిగా కట్టెయ్యండి. దానికి ఏ పథకమూ అక్కర్లేదు, ఒక గుంజ చాలు.