బీల భూములు – బొగ్గు కరెంటు: సోంపేటలో జరిగినది

ఈ సంచికకు చరిత్ర వ్యాసం కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, శాతవాహనుల గురించో కాకతీయుల గురించో వ్రాయమని మిత్రులు సలహా ఇచ్చారు. అవి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. మేము బడిపంతులం. సాయంకాలం తెలుగు తరగతిలో పిల్లలు అడిగే ప్రశ్నలే మాకు పరిశోధన. "కరెంటు ఫ్యాక్టరీ కడతామంటే ఎవరైనా వద్దంటారా మాస్టారూ?" అని ఒక అమ్మాయి అడిగింది. దానికి జవాబు ఒక్క మాటలో చెప్పలేక ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

దోహాలో పెరిగే పిల్లకు ఆ సందేహం రావడం సహజమే. ఇక్కడ రాస్ అబూ ఫొంతాస్ వంటి కేంద్రాలు కరెంటుతో పాటు సముద్రపు నీటిని మంచినీరుగా మార్చి ఇస్తాయి. మండించేది సహజవాయువు కనుక బూడిద గుట్టలు ఉండవు. కతర్ పౌరుల ఇళ్ళకు కరెంటు ఉచితం. మనకు బిల్లు వస్తుంది కాని, కరెంటు పోయిన రాత్రి విసనకర్రతో గడపడం ఎలా ఉంటుందో మన పిల్లలకు తెలియదు. 2000లో ఏర్పడిన కహ్రమా సంస్థ 2012 నుంచి 'తర్షీద్' పేరుతో పొదుపు చేయమని చెబుతూ వస్తోంది. 2022లో అల్ ఖర్సా ఎడారిలో 800 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ప్రారంభమయింది. ఇదంతా చూసిన పిల్లలకు విద్యుత్ కేంద్రం అంటే మంచిదే గాని మరొకటి తోచదు.

ఇక మన శ్రీకాకుళం తీరానికి వద్దాము. మనలో కొందరి తాతలు ఒకప్పుడు కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుంచి ఓడ ఎక్కి రంగూను వెళ్ళినవారు. ఇప్పటికీ ఆ జిల్లా యువకులు గల్ఫు దేశాలకు వస్తూనే ఉన్నారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండే ఉద్దానం ఆ జిల్లాలోనిదే. అక్కడ సోంపేట, కంచిలి, కవిటి మండలాల నడుమ ఉన్న పల్లపు నేలను 'బీల' అంటారు. నౌపడ వైపు అటువంటి నేలనే 'తంపర' అంటారు. ఈ రెండు మాటలు మన పిల్లల పాఠ్యపుస్తకాలలో లేవు. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాము. వానకాలపు నీరు చేరి నిలిచే చోటు అది. చుట్టుపక్కల రైతు దాని నీటితో పంట పండించుకుంటాడు, చేపలు పట్టేవాడు అందులోనే వల వేస్తాడు, పశువులు అక్కడే మేస్తాయి. పట్టా కాగితాలు వెతికితే చాలా భాగం సర్కారు భూమి. పైనుంచి చూసేవారికి ఎవరికీ అక్కరలేని బీడు.

ఆ 'బీడు' అన్న మాట దగ్గరే తగవు మొదలయింది. 2008 సెప్టెంబరు 15న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 1107 ద్వారా 972.69 ఎకరాల బీల భూమిని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి కేటాయించింది. అక్కడ 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలని ప్రతిపాదన. మన దేశపు బొగ్గులో బూడిద నూటికి ముప్ఫై నుంచి నలభై వంతులు ఉంటుంది. అంటే వంద బస్తాల బొగ్గు కాలిస్తే ముప్ఫై నలభై బస్తాల బూడిదను ఎక్కడో పోయాలి. నీరు నిలిచే నేల ప్రక్కన అది ఎక్కడ పోస్తారని ఊరివారు అడిగారు. అప్పటికే మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్న ప్రాంతం ఉద్దానం. వారి భయాన్ని అజ్ఞానమని కొట్టివేయడం న్యాయం కాదు. అయినా 2009 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వపు పర్యావరణ అనుమతి వచ్చింది. ఊళ్ళలో రిలే నిరాహార దీక్షలు మొదలై ఏండ్ల తరబడి సాగాయి.

రెండో ప్రక్క వాదన కూడా చెప్పాలి. ఆ రోజుల్లో రాష్ట్రంలో కరెంటు కోత మామూలు విషయం. జిల్లాలో పరిశ్రమలు లేకనే మనవాళ్ళు దేశాలు పట్టిపోతున్నారు, కేంద్రం వస్తే ఉద్యోగాలు వస్తాయి అన్నారు. పైగా ప్రైవేటు వారు తమ డబ్బుతో కడుతుంటే ప్రజలకు పోయేదేమిటి అన్నారు. ఈ చివరి మాట మాకు ఏనాడూ మింగుడు పడలేదు.

కారణం కొంచెం వెనుక ఉంది. 1991లో విద్యుదుత్పత్తిని ప్రైవేటు వారికి తెరిచిన తరువాత, దేశం మొత్తం మీద ఎనిమిది ప్రాజెక్టులను 'ఫాస్ట్ ట్రాక్' అని ఎంచారు. జేగురుపాడు, కాకినాడ, విశాఖపట్నం కేంద్రాలు మూడూ మనవే. పెట్టుబడిపై నూటికి పదహారు వంతుల రాబడికి ఒప్పుకున్నారు. కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా స్థిర ఛార్జీ కట్టాలి. విశాఖలో తలపెట్టిన 1040 మెగావాట్ల హిందూజా కేంద్రం చివరకు 2016లో గాని పనిలోకి రాలేదు. 1999లో విద్యుత్తు బోర్డును విడదీశారు. మరుసటి ఏడు ఛార్జీలు పెంచారు. దానికి వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో ప్రదర్శన జరిగితే పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. కాగితం మీద ప్రైవేటు సొమ్ము అయినా, భూమి సర్కారుది, అప్పులో పెద్ద భాగం ప్రభుత్వ బ్యాంకులది, బిల్లు ఇంటి యజమానిది. కేంద్రంలో విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఇ.ఎ.ఎస్. శర్మగారు పదవీ విరమణ తరువాత విశాఖలో ఉంటూ సోంపేట వారి ప్రక్షాన నిలిచి ఉత్తరాలపై ఉత్తరాలు వ్రాశారు. ఆ శాఖను లోపలి నుంచి ఎరిగిన మనిషి అలా నిలవడం చిన్న విషయం కాదు.

2010 జులై 14, బుధవారం. కంపెనీ మనుషులు పోలీసుల అండతో బీలలో పని మొదలుపెట్టడానికి వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళవారు, ఆడవారితో సహా, అడ్డం నిలిచారు. లాఠీలు, రాళ్ళు, చివరకు తుపాకులు. ఆనాటి ఘటనలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. చిత్రమేమంటే ఆ రోజే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ తీర్పు ఒక్క దినం ముందు వచ్చి ఉంటే ఆ మూడు ఇళ్ళలో దీపం ఆరేది కాదు.

ఎనిమిది నెలలైనా గడవక ముందే, 2011 ఫిబ్రవరి 28న, అదే జిల్లాలో సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర దగ్గర మళ్ళీ కాల్పులు జరిగాయి. మళ్ళీ ప్రాణాలు పోయాయి. ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ వారి కేంద్రం అది. దగ్గరలోనే కొంగలు, గూడబాతులు వచ్చి గూళ్ళు కట్టే తేలినీలాపురం ఉంది. కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ పని ఆపమన్నారు. తరువాత పని సాగుతూ ఆగుతూ చివరకు సగంలో నిలిచిపోయింది, అప్పులు మొండి బకాయిలయ్యాయి. దేశంలో ఇటువంటి చిక్కుల్లో పడిన బొగ్గు కేంద్రాలు 34 ఉన్నాయని 2018లో పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకు లెక్క వచ్చింది. ప్రైవేటు సొమ్ము అన్న వాదన ఆ లెక్క ముందు ఎంతవరకు నిలుస్తుందో చదువరులే చూసుకోవచ్చు.

సోంపేట వదిలిన కంపెనీ ఊరుకోలేదు. నెల్లూరు జిల్లాలో 1320 మెగావాట్ల కేంద్రంలో భాగస్వామిగా చేరింది. అది 2016-17లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. అంటే కేంద్రానికి చోటు బీల ఒక్కటే కాదు. బీల రైతుకు మాత్రం బీల ఒక్కటే.

ఇంతకూ మా విద్యార్థిని ప్రశ్న. ఆ అమ్మాయికి మేము జిల్లా పటం తీసి చూపించి, సోంపేట నుంచి తీరం వెంబడి దక్షిణంగా వేలు జరుపుతూ రణస్థలం మండలం కొవ్వాడ దగ్గర ఆపాము. అక్కడ ఒక్కొక్కటి 1208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కట్టాలని ప్రతిపాదన ఉంది. మొదట గుజరాత్‌లోని మిఠీ విర్ది ఊరికి అనుకున్న రియాక్టర్లే అక్కడి జనం వద్దనడంతో 2016లో ఇటు మళ్ళాయి. భూసేకరణ జరిగింది, పరిహారం లెక్కలు జరిగాయి, కేంద్రం మాత్రం ఇంకా లేవలేదు. ఆ ఊళ్ళలో ఎక్కువ మంది సముద్రం మీద బ్రతికే మత్స్యకారులు. "వాళ్ళను అడిగారా మాస్టారూ?" అంది ఆ పిల్ల. పై వారం తరగతికి ఆ ప్రశ్న మీదే పది వాక్యాలు వ్రాసుకు రమ్మని చెప్పాము.